ఎన్నికల గొడవల్లో ఊరు విడిచినవాళ్లను వెనక్కి తీసుకెళ్లి దింపేస్తే సరిపోతుందా?

మీ ప్రశ్న నాకు అర్థమైంది ఇలా: ఎన్నికల తర్వాత జరిగిన దాడుల్లో ఇల్లూ పొలం వదిలి పారిపోయిన కుటుంబాలకు శాశ్వత పరిష్కారం అంటే ఏంటి, పోలీసు బందోబస్తుతో సొంతూరికి తీసుకెళ్లి దింపేస్తే చాలా, కెన్యాలో 2008లో ఇదే చేశారట కదా, అది నిలబడిందా అని. పల్నాడులో మీ బంధువుల కుటుంబం ఒకటి ఎన్నికలైనప్పటి నుంచి ఊరికి దూరంగా నరసరావుపేటలో అద్దెకుంటోందని కూడా రాశారు.

సూటిగా చెప్తాను. చాలదు. తిరిగి ఊరు చేరడం ఒక దారి మాత్రమే, అదే పరిష్కారం కాదు. పరిష్కారం కుదిరిందా లేదా అన్నది క్యాంపు ఖాళీ అయిన రోజున తెలియదు, తర్వాతి ఎన్నికలకు నెల ముందు తెలుస్తుంది. ఆ నెలలో ఆ కుటుంబం పిల్లల్ని, పరుపుల్ని ఎక్కడికైనా తరలిస్తుంటే, మనం కాగితం మీద ఏం రాసుకున్నా వాళ్ల దృష్టిలో ఆ గొడవ ఇంకా అయిపోలేదు.

నేను 2008 ఏప్రిల్ నుంచి 2013 చివరిదాకా కెన్యాలో, రిఫ్ట్ వ్యాలీలోని నకూరు, ఎల్డొరెట్ ప్రాంతాల్లో ఒక సహాయ సంస్థ తరఫున పనిచేశాను. ఇళ్లు కట్టించడం, భూమి కాగితాలు చూడటం నా పని. మాది సత్తెనపల్లి వైపు, కాబట్టి మీరు రాసిన సంగతి కూడా నాకు దూరపు విషయం కాదు. రెండూ కలిపి చెప్తాను, కాస్త పొడుగవుతుంది.

ముందు అక్కడ ఏం జరిగిందో క్లుప్తంగా. 2007 డిసెంబర్ 27న అధ్యక్ష ఎన్నికలు. లెక్కింపు మీద గొడవ నడుస్తుండగానే 30వ తేదీ సాయంత్రం అప్పటి అధ్యక్షుడు కిబాకీయే మళ్లీ గెలిచారని ప్రకటించి, చీకటి పడే వేళకి హడావిడిగా ప్రమాణ స్వీకారం చేయించేశారు. ఆయన మీద పోటీ చేసిన రైలా ఒడింగా పక్షం ఒప్పుకోలేదు. ఆ రాత్రి నుంచే ఇళ్లు తగలబడ్డాయి. జనవరి 1న ఎల్డొరెట్ దగ్గర కియంబాలో చర్చిలో తలదాచుకున్న వాళ్లకి బయట నుంచి నిప్పు పెట్టారు, లోపల ఎక్కువమంది ఆడవాళ్లూ పిల్లలే. నెలాఖరుకి నకూరు, నైవాషాల్లో ఎదురు దాడులు. విచారణ జరిపిన వాకీ కమిషన్ లెక్క ప్రకారం చనిపోయినవాళ్లు 1,133 మంది, అందులో మూడో వంతుకు పైగా తూటా దెబ్బలకే పోయారు. ఇల్లు వదిలినవాళ్లు ఆరు లక్షలు దాటారు. ఐక్యరాజ్యసమితి మాజీ ప్రధాన కార్యదర్శి కోఫీ అన్నన్ మధ్యవర్తిత్వంలో ఫిబ్రవరి 28న ఒప్పందం కుదిరి, కిబాకీ అధ్యక్షుడిగా ఉండిపోయారు, ఒడింగా ప్రధాని అయ్యారు. పైన సర్దుకున్నారు. కింద జనం ఎల్డొరెట్, నకూరు పట్టణాల్లో వ్యవసాయ ప్రదర్శనలు పెట్టే మైదానాల్లో టెంట్ల కిందే ఉన్నారు.

ఇది ఓట్ల గొడవ అనుకుంటే పరిష్కారం దొరకదు. ఓటు నిప్పు రవ్వ మాత్రమే, ఎండు గడ్డి భూమి. బ్రిటిష్ వాళ్లు రిఫ్ట్ వ్యాలీలో మంచి నేలంతా తెల్లవాళ్ల ఎస్టేట్ల కింద పెట్టుకుని అక్కడి కలెంజిన్, మసాయి జనాన్ని పక్కకు నెట్టారు. స్వాతంత్ర్యం వచ్చాక ఆ ఎస్టేట్లు పాత మనుషులకి తిరిగి చేరలేదు. ప్రభుత్వ పథకాల కింద, భూమి కొనడానికి పెట్టిన కంపెనీల ద్వారా, అమ్మకానికి వచ్చాయి. కొన్నవాళ్లలో కికుయూలు, అంటే కిబాకీ తెగవాళ్లు, ఎక్కువ. వాళ్ల దృష్టిలో అది డబ్బు పోసి కొన్న పొలం. పక్కింటి కలెంజిన్ దృష్టిలో అది తాతల నేల. ఇద్దరి మాటలోనూ నిజముంది, నేనిది రెండు వైపులా కూర్చుని విన్నాను. 1992, 1997 ఎన్నికల ముందూ వెనకా కూడా నాయకులు ఈ గాయాన్నే కెలికారు. బయటి నుంచి వచ్చినవాళ్లని "మడోఅడోఅ" అనేవాళ్లు, మచ్చలు అని అర్థం. మచ్చ అన్నాక తుడిచెయ్యాలి కదా. ఎల్డొరెట్ రోడ్డు మీద బర్న్ట్ ఫారెస్ట్ అనే ఊరుంది, అక్కడ నేను కలిసిన కుటుంబాల్లో 1992లో ఒకసారి, 2008లో ఒకసారి ఇల్లు కాలినవాళ్లు ఉన్నారు. మొదటిసారి తర్వాత వాళ్లని "తిరిగి పంపేశాం" అనే రాసుకుని ఉంటారు.

ఇప్పుడు మీరడిగిన అసలు సంగతి. 2008 మే నెలలో ప్రభుత్వం "ఆపరేషన్ రూడీ న్యుంబానీ" మొదలుపెట్టింది, ఇంటికి తిరిగి వెళ్లండి అని అర్థం. కుటుంబానికి 10,000 షిల్లింగులు, అంటే అప్పటి లెక్కన మన ఆరేడు వేల రూపాయలు. ఇల్లు కాలినవాళ్లకి కట్టుకోవడానికి మరో 25,000. లారీలెక్కించి పంపారు. ఎంత త్వరగా పెద్ద క్యాంపులు ఖాళీ అయితే అంత బాగా పనిచేసినట్టు. అక్కడ మొక్కజొన్న విత్తేది మార్చి, ఏప్రిల్ వానలకి. మేలో ఊరికి పంపి, దున్నడానికి ఎడ్లు లేవు, విత్తనం లేదు, ఎరువు ధర ఆ ఏడాది మండిపోతోంది, చేతిలో పది వేలు. ఆ పంట పోయినట్టే. ఏడాది గడిచే దారేంటని వాళ్లని ముందే అడిగి ఉంటే చెప్పేవాళ్లు, వాళ్లు రైతులు.

అలా వెళ్లినవాళ్లలో చాలామంది ఇంటికి చేరలేదు. పొలానికి కిలోమీటరు, రెండు కిలోమీటర్ల దూరంలో, పోలీస్ పోస్టు పక్కన, మళ్లీ టెంట్లు వేసుకున్నారు. వీటికి ట్రాన్సిట్ క్యాంపులని పేరు. పెద్ద క్యాంపు లెక్కలోంచి పోయారు, ఇంటి లెక్కలోకి రాలేదు.

అలాంటి ఒక చోట నాకు ఒక పెద్దావిడ పరిచయం. అక్కడ వయసున్న ఆడవాళ్లని మామా అంటారు, నేనూ అలాగే పిలిచేవాణ్ని. యాభై అయిదు ఉంటాయి. పొద్దున్నే పారపట్టుకుని పొలానికి వెళ్లి సాయంత్రం నాలుగింటికల్లా టెంట్ దగ్గరికి వచ్చేసేది. ఒకరోజు వెంట వెళ్లాను. ఇల్లున్న చోట మసి పట్టిన పునాది రాళ్లు, మధ్యలో తనంతట తానే మొలిచిన ఆకుకూర. పొలం మొత్తం చిక్కుడు, బంగాళాదుంప. చుట్టుపక్కల ఎకరాలకి ఎకరాలు మొక్కజొన్నే పండే ప్రాంతం అది. మొక్కజొన్న ఎందుకు వేయలేదు మామా, ఆలస్యమైందనా అని అడిగాను. కాదంది. మొక్కజొన్న మనిషి కంటే ఎత్తు పెరుగుతుంది, లోపల ఎవరు కూర్చున్నారో కనపడదు, చిక్కుడైతే రోడ్డు దాకా చూపు ఆనుతుంది అంది.

మా సంస్థ ఫారాల్లో "తిరిగి వెళ్లారా? అవును/కాదు" అని ఒక గడి ఉండేది. ఆ రోజు తర్వాత ఆ గడి నింపడం నాకు చేతకాలేదు. తర్వాత ఎక్కడికి వెళ్లినా నేను ముందు పొలంలో ఏం వేశారో చూసేవాణ్ని. రాత్రి ఎక్కడ పడుకుంటున్నారు, పిల్లలు ఏ బడికి వెళ్తున్నారు, ఆడవాళ్లు సంతకి ఏ దారిన వెళ్తున్నారు. ఈ నాలుగూ తెలిస్తే అసలు పరిస్థితి చాలావరకు తెలిసిపోతుంది.

మనసుకు ఇష్టమైతేనే తిరిగి వెళ్లాలి, మూడు దారులూ తెరిచి ఉండాలి. ఇది నా సొంత మాట కాదు. దేశం లోపలే ఇల్లు విడిచినవాళ్ల కోసం 1998లో ఐక్యరాజ్యసమితి పెట్టుకున్న మార్గదర్శక సూత్రాల్లో, వాటి ఆధారంగా 2010లో రాసిన పత్రంలో ఉంది: సొంతూరికి వెళ్లడం, ఇప్పుడున్న చోటే స్థిరపడటం, లేదా మూడో చోటికి వెళ్లి బతకడం, ఏదైనా సరే స్వచ్ఛందంగా, భద్రంగా, గౌరవంగా జరగాలి. ఆ 2010 పత్రంలో దీనికి కొలమానాలు కూడా రాశారు, ప్రాణభయం లేకపోవడం, జీవనాధారం, ఇల్లూ భూమీ తిరిగి రావడం, గుర్తింపు కాగితాలు, ఓటు వేసే స్థితి, న్యాయం లాంటివి. కెన్యా 2012లో ప్రత్యేకంగా చట్టమే చేసింది, ఆఫ్రికాలో అలా చేసిన దేశాలు తక్కువ. చట్టం మంచిదే, కానీ అది వచ్చేసరికి ఎక్కువమందిని లారీలెక్కించడం అయిపోయింది.

మూడో చోటు దారి ఎలా నడిచిందంటే, కొంతమంది తమకి వచ్చిన పదేసి వేలు ఒకచోట పోగేసుకుని నకూరు, న్యాండరువా వైపు కలిసి చిన్న ముక్కలు కొన్నారు. ఒక్కో ఇంటికి టెంటు పట్టేంత నేల, సాగుకి ఏమీ లేదు. ఏళ్లతరబడి అక్కడే ఉండిపోయారు. తర్వాత ప్రభుత్వం పెద్ద ఫారాలు కొని కుటుంబానికి 2.25 ఎకరాలు, ఇల్లు ఇచ్చే పని పెట్టుకుంది. కొన్ని చోట్ల అక్కడి జనం అడ్డం పడ్డారు, మా తాతల భూమి పోయినప్పుడు మాకెవరూ ఇవ్వలేదు, ఇప్పుడు బయటివాళ్లకి ఎలా కొంటారని. ఆ ప్రశ్నకి జవాబు చెప్పకుండా పోలీసుల్ని పెట్టి పట్టాలిస్తే తర్వాతి గొడవకి విత్తనం వేసినట్టే అవుతుంది. చివరికి 2013లో కొత్త ప్రభుత్వం, క్యాంపుల్లో మిగిలిన 8,298 కుటుంబాలకి తలా 4,00,000 షిల్లింగులిచ్చి క్యాంపులు మూసేసింది. మన డబ్బుల్లో మూడు లక్షలకి దగ్గర. పుచ్చుకున్నవాళ్లలో స్థలం కొని నిలబడ్డవాళ్లున్నారు, అప్పులకీ ఆస్పత్రికీ పోయి ఏడాదికల్లా చేతులు ఖాళీ అయినవాళ్లూ ఉన్నారు. డబ్బు ఇవ్వడం తప్పని నేననను. కానీ ఆ పైసాతో పాటు భూమి కాగితం చూసిపెట్టే మనిషి ఉండాలి. నేను చూసిన ఒకాయన కొన్న ముక్కకి అమ్మిన మనిషి దగ్గర కంపెనీ షేర్ సర్టిఫికెట్ ఒకటే ఉంది, పట్టా కంపెనీ పేరు మీద ఉంది. మన దగ్గర తెల్లకాగితం మీద రాసుకుని కొన్న పొలం లాంటిదే. పాత గొడవ భూమి నుంచి తప్పించుకుని కొత్త గొడవ భూమిలోకి దిగాడు.

ఇంకా బాధాకరం ఏంటంటే క్యాంపుకి రానివాళ్లు. ఇల్లు వదిలినవాళ్లలో సగానికి దగ్గరగా ఎప్పుడూ టెంటులో లేరు, అక్క ఇంట్లోనో, ఒంటి గది అద్దెలోనో సర్దుకున్నారు. అక్కడ వీళ్లని ఇంటిగ్రేటెడ్ అనేవాళ్లు, కలిసిపోయినవాళ్లని. నిజానికి కలిసిపోలేదు, కనపడకుండా పోయారు. నైవాషా పూలతోటల్లో పనిచేసే లువో తెగ కుటుంబాలు బస్సులెక్కి పడమటి వైపున్న కిసుముకి వెళ్లాయి, అదే మీ సొంతూరు కదా అన్నారు అందరూ. ఆ పిల్లల్లో చాలామంది నైవాషాలోనే పుట్టారు, వాళ్లకి కిసుములో ఇల్లూ లేదు, పనీ లేదు. సాయం జాబితాల్లో వీళ్లు చివరివాళ్లు. మీ బంధువులు సరిగ్గా ఈ కోవలోకే వస్తారు, అందుకే ఇంత చెప్తున్నాను.

పక్కింటివాళ్ల సంగతి. తిరిగి వచ్చేవాడికి మాత్రమే సాయం చేస్తే వాడిని మళ్లీ ఒంటరిని చేసినట్టే. ఇది మేము చేసిన తప్పు, ఒప్పుకుంటున్నాను. మొదటి విడతలో కాలిన ఇళ్లకి మాత్రమే రేకుల ఇళ్లు కట్టాం. పక్కన కలెంజిన్ వితంతువు మట్టి గుడిసెలో ఉంది, ఆవిడ ఎవరి ఇల్లూ కాల్చలేదు. ఊళ్లో గొణుగుడు మొదలైంది, ఒకరాత్రి మేం దింపిన కలప మాయమైంది. రెండో విడత నుంచి ప్రతి నాలుగు ఇళ్లకి ఒకటి అవతలి పక్షంలో పేదవాళ్లకి కట్టాం, కూలిపని రెండు వైపులా కుర్రాళ్లకి ఇచ్చాం. ఆ తర్వాత ఒక్క దుంగ పోలేదు.

ఆ ఊళ్లో జరిగిందే ఇంకోటి. తిరిగొచ్చినాయన తన ఇంటి రేకులు పక్కింటి పశువుల పాక మీద ఉండటం చూశాడు. తన చేత్తో కొట్టిన మేకుల బెజ్జాలు తనకి తెలియవా. పోలీసులకి చెప్తే కేసు, కేసైతే మళ్లీ పగ. చీఫ్, అంటే అక్కడి స్థానిక ప్రభుత్వ అధికారి, బరాజా పెట్టాడు, బరాజా అంటే చెట్టు కింద ఊరి సమావేశం. రెండు వైపులా పెద్దలు, ముఖ్యంగా ఆడవాళ్లు, పేర్లెత్తకుండా ఒకటే మాట అన్నారు, ఎవరి దగ్గరున్న సామాను వాళ్లు ఆదివారం లోపు చర్చి గోడ దగ్గర పెట్టండి, ఎవరూ కాపలా ఉండరని. సోమవారం పొద్దున్న పద్నాలుగు రేకులు, ఒక కుట్టుమిషను, రెండు తలుపులు గోడకి ఆనించి ఉన్నాయి. ఇది సామానుకి పనిచేస్తుంది. చంపినవాడికి, ఆడవాళ్ల మీద పడ్డవాడికి ఇలా పనిచేయదు, చేయకూడదు కూడా. అక్కడ రాజీ అంటే బాధితురాలి నోరు నొక్కడమే.

న్యాయం విషయంలో కెన్యా కథ నన్ను ఇప్పటికీ కలచివేస్తుంది. 2010 డిసెంబర్లో అంతర్జాతీయ క్రిమినల్ కోర్టు ప్రాసిక్యూటర్ ఆరుగురి పేర్లు ప్రకటించారు. వారిలో ఇద్దరు, ఉహురు కెన్యాట్టా, విలియం రూటో, రెండు వైరి వర్గాల నాయకులు, 2013లో చేతులు కలిపి ఎన్నికలు గెలిచారు. ఒకరి మీద కేసు 2014 డిసెంబర్లో ప్రాసిక్యూషన్ ఉపసంహరించుకుంది, రెండోది 2016 ఏప్రిల్లో కోర్టు ఆపేసింది. ఇద్దరిలో ఎవరికీ శిక్ష పడలేదు, నేరం రుజువు కాలేదు. దాడుల్లో అత్యాచారానికి గురైనవాళ్లలో నలుగురికి తలా 40 లక్షల షిల్లింగుల పరిహారం ఇవ్వాలని కెన్యా హైకోర్టు తీర్పిచ్చింది 2020 డిసెంబర్లో. పన్నెండేళ్లు, నలుగురికి.

మరి 2013లో రిఫ్ట్ వ్యాలీ తగలబడలేదు కదా అంటారు. నిజమే. పైన నాయకులు కలిశారు కాబట్టి కింద చల్లగా ఉంది. అది కూడా చిన్న విషయం కాదు, ప్రాణాలు దక్కాయి. కానీ భూమి సమస్య అలాగే ఉంది. 2017లో మంట చోటు మారి కిసుము వైపు, నైరోబీ మురికివాడల్లో లేచింది. ఇందాక చెప్పిన మామా 2010 నుంచి మొక్కజొన్న వేయడం మొదలుపెట్టింది, ముందు రోడ్డు పక్కన నాలుగు సాళ్లు, తర్వాత ఇంటి గుమ్మం దాకా. చాలా సంతోషించాను. 2013 మార్చి ఎన్నికలకి రెండు వారాల ముందు వెళ్తే, మనవరాళ్లిద్దర్నీ నకూరులో చెల్లెలింటికి పంపేసింది, మంచి పరుపు కూడా వాళ్లతోనే పోయింది. తను మాత్రం ఉండిపోయింది. ఈసారి నేను కదలను, కదిలితే ఈ పొలం నాది కాదని నేనే ఒప్పుకున్నట్టవుతుంది అంది.

ఇక మీ బంధువుల సంగతి. పల్నాడులో 2019 ఎన్నికల తర్వాత ఆత్మకూరు, చుట్టుపక్కల ఊళ్ల నుంచి కుటుంబాలు బయటికొచ్చామని చెప్పడం, గుంటూరులో శిబిరం, సెప్టెంబర్లో చలో ఆత్మకూరు మనకి తెలిసినవే. 2024లో ప్రభుత్వం మారాక అవతలి పార్టీవాళ్లు అదే మాట అన్నారు. ఎవరి లెక్క ఎంత అనే జోలికి నేను పోను. శిబిరం పార్టీ పెట్టినంత కాలం ఆ కుటుంబం పార్టీ ఆస్తిగానే ఉంటుంది, అధికారం మారితే బయటికి వెళ్లేవాళ్లు మారతారు తప్ప ఆ ఊరి పద్ధతి మారదు.

మన దేశంలో ఇలా ఊరు విడిచినవాళ్ల కోసం ప్రత్యేక చట్టం లేదు. కాబట్టి ఉన్నవాటితోనే నెట్టుకురావాలి. ఒకటి, జరిగినదాని మీద ఫిర్యాదు కాగితం మీద ఉండాలి. ఊరి స్టేషన్‌కి వెళ్లే ధైర్యం లేకపోతే నరసరావుపేటలోనే జీరో ఎఫ్‌ఐఆర్ ఇవ్వొచ్చు, అది ఇప్పుడు చట్టంలోనే ఉంది. ఇల్లు, గడ్డివాము, మోటారు, ఏది పోయిందో ఫొటోలతో సహా రాసి పెట్టుకోండి. రెండు, జిల్లా న్యాయ సేవాధికార సంస్థకి వెళ్లండి, అర్హత ఉన్నవాళ్లకి ఉచితంగా లాయర్‌ని ఇస్తారు, బాధితుల పరిహారానికి దరఖాస్తు కూడా అక్కడే. స్టేషన్‌లో పని జరగకపోతే హైకోర్టులో రిట్ వేయించొచ్చు. మూడు, ఓటు. ఊళ్లో ఉండట్లేదని ఎవరైనా ఫారం 7 పెట్టి పేరు తీయించే ప్రమాదముంది, జాబితా ఎప్పటికప్పుడు చూసుకోండి. ఎక్కడ ఉంచుకోవాలనేది వాళ్లే తేల్చుకోవాలి, ఊళ్లో ఓటు పోతే ఊళ్లో మాట కూడా పోతుందని నా అభిప్రాయం. రేషన్ ఎక్కడైనా తీసుకోవచ్చు, దానికోసం కార్డు మార్పించుకోవద్దు.

బైండోవర్లు చేయిస్తే చాలంటారు కొందరు. రెండు వైపులా పూచీకత్తు రాయించుకుంటే కొన్ని నెలలు చల్లబడుతుంది, ఎన్నికల ముందు అది అవసరమే. కానీ బైండోవర్ గడువు అయిపోయాక ఎరువుల కొట్టు దగ్గర ఎదురుపడేది ఆ మనుషులే కాబట్టి, గడువు లోపల ఇంకేదో జరగాలి.

వెళ్లాలా వద్దా అన్నది మాత్రం బంధువులుగా మీరు ఒత్తిడి పెట్టకండి. వెళ్లకపోతే ఓడిపోయినట్టు అని మగవాళ్లు మాట్లాడతారు, కానీ నీళ్ల ట్యాంకు దగ్గరికి, రేషన్ షాపుకి వెళ్లేది ఆడవాళ్లు, ముందు వాళ్లనడగండి, విడిగా అడగండి. కారంచేడు గుర్తుంది కదా. అది ఎన్నికల గొడవ కాదు, కులదాడి, 1985 జులైలో ఆరుగురు దళితుల్ని చంపారు. మిగిలినవాళ్లు చీరాల వచ్చి, వెనక్కి వెళ్లమని ఎంతమంది చెప్పినా వెళ్లకుండా, పోరాడి చీరాలలోనే విజయనగర్ కాలనీలో స్థిరపడ్డారు. అదీ పరిష్కారమే, వాళ్లు ఎంచుకున్నది కాబట్టి.

వెళ్లాలనే అనుకుంటే ఒకేసారి అందరూ సామాను కట్టుకుని, జీపులు వెంటేసుకుని, కెమెరాల ముందు వెళ్లొద్దు. ముందు ఒక పంట పనికి పగలు వెళ్లి రావడం, అవతలి వర్గంలో మంచీ చెడూ మాట్లాడే మనిషి ఒకరు ప్రతి ఊళ్లోనూ ఉంటారు, ఆ మనిషి ద్వారా కబురు నడపడం, తర్వాత పండక్కి రెండు రోజులు ఉండటం, ఆ తర్వాతే బడి మార్చడం. ఇలాంటి నెమ్మది రాకడలు నిలబడటం నేను చూశాను.

మీరు ఒక విషయం రాయలేదు. వాళ్ల పొలం ఇప్పుడు ఎవరు చేస్తున్నారు? బీడు పెట్టారా, కౌలుకిచ్చారా, ఇస్తే నోటిమాటేనా లేక కాగితం ఉందా? పట్టాదారు పాస్‌పుస్తకం, అడంగల్‌లో ఎవరి పేరు నడుస్తోంది? అది ముందు కనుక్కుని ఇక్కడే రాయండి, తర్వాత ఏం చేయాలో దాన్నిబట్టి చెప్తాను. ఊరికి దూరంగా ఉన్న కుటుంబానికి ఏళ్లు గడిచేకొద్దీ పొలం చేజారే ప్రమాదం అక్కడే మొదలవుతుంది.